సురయ్యా కనిపించిన రాత్రి: తొలి టెలిస్కోపును అమర్చుకోవడం ఎలా?

మా అమ్మాయి పేరు సురయ్యా. ఆ పేరు పెట్టింది మా అత్తమ్మ. అరబీ భాషలో సురయ్యా అంటే ఆకాశంలో ద్రాక్షగుత్తిలా దగ్గర దగ్గరగా మెరిసే చిన్న నక్షత్రాల సమూహం. తెలుగువారు దానినే కృత్తిక అంటారు. తన పేరు ఆకాశంలో ఉందని తెలిసిన నాటి నుంచి ఆ గుత్తిని దగ్గరగా చూడాలన్న కోరిక మా అమ్మాయిని పట్టుకుంది. ఏడాది పాటు ఈద్ ఈదీలు, మామూలు ఖాలాలు ఇచ్చిన చిల్లర కూడబెట్టింది. మిగిలినది మా వారు వేసి, సంక్రాంతి సెలవులకు ముందు ఒక టెలిస్కోపు తెప్పించారు.

ఆ రాత్రి ఇషా నమాజు కాగానే కర్నూలులోని మా మిద్దె మీదికి అందరం ఎక్కాము. రెండు గంటలు ప్రయత్నించాము. కనిపించింది నలుపు మాత్రమే. మరునాడూ అంతే. మూడో రోజు అమ్మాయి పైకి రాలేదు. "అమ్మీ, అది బొమ్మ టెలిస్కోపేమో, తిరిగి ఇచ్చేద్దాం" అని మాత్రం అన్నది. పెట్టె అటకెక్కింది.

ఇలా అటకెక్కిన టెలిస్కోపులు చాలా ఇళ్లలో ఉంటాయి. పిల్లలు అడిగారని కొంటాము. రెండు రాత్రుల నిరాశ తర్వాత పరికరం పనికిరానిదని తేల్చేస్తాము. అటకెక్కేది పరికరం ఒక్కటే కాదు, బిడ్డ కుతూహలం కూడా. వారం తర్వాత నేను పెట్టె దించి, ఓపికగా ఒక్కొక్క భాగాన్ని పరిశీలించాను. పరికరంలో లోపం లేదు. మేము పనులు చేసిన వరుసే తలకిందులు. రాత్రి చేయవలసినది రాత్రి, పగలు చేయవలసినది పగలు చేసి ఉంటే తొలిరోజే నక్షత్రాలు కనిపించేవి. ఆ వరుసను ఇక్కడ వివరిస్తున్నాను.

పెట్టె మీది అంకె

మా టెలిస్కోపు పెట్టె మీద '525 రెట్లు' అని పెద్ద అక్షరాలతో ఉంది. పక్కనే రంగురంగుల శనిగ్రహం చిత్రం. మా మొదటి పొరపాటు ఆ అంకెను నమ్మడమే.

టెలిస్కోపు ముందు భాగంలో ఉండే పెద్ద కటకం వస్తు కటకం. మనం కన్ను పెట్టే చిన్న కటకం అక్షి కటకం; వాడుకలో ఐపీసు అంటారు. వస్తు కటకపు నాభ్యంతరాన్ని, అంటే ఫోకల్ లెంగ్త్‌ను, ఐపీసు మీది అంకెతో భాగిస్తే వచ్చేదే ఆవర్ధనం. మాది 70 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం గలది. 25 మిల్లీమీటర్ల ఐపీసు పెడితే 28 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెడితే 70 రెట్లు పెద్దదిగా చూపుతుంది. 4 మిల్లీమీటర్ల ఐపీసుకు మూడు రెట్లు పెంచే బార్లో కటకం జోడిస్తే 525 రెట్లు. లెక్క సరైనదే, కాని ఆ చూపు పనికిరాదు.

కారణం సులభం. టెలిస్కోపు ముఖ్యమైన పని పెద్దది చేయడం కాదు, వెలుతురును పోగుచేయడం. 70 మిల్లీమీటర్ల కటకం పోగుచేసిన కొద్దిపాటి వెలుతురును 525 రెట్లు సాగదీస్తే దృశ్యం మసకబారి, అలుక్కుపోతుంది. కటకపు వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే ఆవర్ధనం పనికివస్తుందన్నది అనుభవజ్ఞుల లెక్క. మా దానికి హద్దు 140.

మరొక చిక్కు కూడా ఉంది. ఆవర్ధనం పెరిగే కొద్దీ కనిపించే ఆకాశం చిన్నదవుతుంది. 28 రెట్ల వద్ద చందమామ వెడల్పుకు మూడున్నర రెట్లంత ఆకాశం ఐపీసులో పడుతుంది. 525 రెట్ల వద్ద చందమామ వెడల్పులో ఐదో వంతు మాత్రమే. కృత్తిక గుత్తి చందమామకు దాదాపు నాలుగింతల వెడల్పు. ఇంటి ముంగిలి మొత్తాన్ని తాళంచెవి రంధ్రంలో నుంచి చూడబోయినట్లు, మేము ఆ గుత్తిలోని నక్షత్రాల మధ్య ఖాళీని చూస్తూ ఏమీ లేదనుకున్నాము.

కాబట్టి మొదటి నియమం: ఎప్పుడైనా, దేన్ని చూడడానికైనా, ఎక్కువ అంకె గల ఐపీసుతోనే మొదలుపెట్టాలి. 25 లేదా 20 మిల్లీమీటర్లది పెట్టండి. బార్లోను, 4 మిల్లీమీటర్లదాన్ని కొన్నాళ్లు పెట్టెలోనే ఉంచండి.

మొదటి పని పగలే

టెలిస్కోపు వీపు మీద చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. అది ఫైండరు. కొన్నింటిలో దాని బదులు ఎర్ర చుక్క చూపే పరికరం ఉంటుంది. పెద్ద గొట్టంలో కనిపించే ఆకాశం తక్కువ కనుక, నక్షత్రం ఎక్కడుందో వెతికి పట్టేది ఈ ఫైండరే. అది చూపే దిక్కు, పెద్ద గొట్టం చూపే దిక్కు ఒక్కటి కావాలి. పెట్టెలో నుంచి తీసినప్పుడు అవి ఒక్కటిగా ఉండవు. వీటిని కలపకుండా చీకట్లో నక్షత్రాన్ని వెతకడం కళ్లకు గంతలు కట్టుకుని దారి వెతకడమే. మా రెండు రాత్రులూ అలాగే పోయాయి.

కలపడం పగటి పని. అసర్ తర్వాతి వెలుతురులో, సూర్యునికి పూర్తిగా ఎదురు దిక్కున, కనీసం అర కిలోమీటరు దూరంలో ఉన్న కదలని వస్తువును ఎంచుకోండి. మేము తూర్పున ఉన్న మసీదు మినారు కొసను ఎంచుకున్నాము. సెల్ టవరు, నీళ్ల ట్యాంకు పైకప్పు కూడా సరిపోతాయి. ఎదురింటి కిటికీల వైపు మాత్రం తిప్పవద్దు. పొరుగువారి మర్యాద మన బాధ్యత.

పెద్ద ఐపీసులో చూస్తూ మినారు కొసను సరిగ్గా మధ్యకు తెచ్చి, గొట్టం కదలకుండా మరలు బిగించండి. ఇప్పుడు ఫైండరులో చూడండి. కొస పక్కకు ఉంటుంది. ఫైండరు చుట్టూ ఉన్న చిన్న మరలను ఒకటి వదులు చేస్తూ, మరొకటి బిగిస్తూ, అడ్డగీతలు కలిసే చోటికి కొసను తీసుకురండి. మళ్లీ ఐపీసులో చూసి, అక్కడ మధ్యలోనే ఉందో లేదో సరిచూసుకోండి. పది నిమిషాల పని. ఇది పూర్తయితే రాత్రి పని సగం పూర్తయినట్లే.

దృశ్యం ఎడమ కుడులు తారుమారుగా కనిపిస్తే కంగారు పడవద్దు. కటకాల టెలిస్కోపులో తొంభై డిగ్రీల మలుపు గల డయాగనల్ ముక్క పెట్టి చూస్తే అలాగే ఉంటుంది. అద్దాల టెలిస్కోపులోనూ, చాలా ఫైండర్లలోనూ దృశ్యం పూర్తిగా తలకిందులవుతుంది. ఆకాశానికి పైనా కిందా లేవు కనుక దాని వల్ల నష్టం లేదు.

సూర్యుని వైపు ఎన్నడూ వద్దు

ఈ ఒక్క మాట తల్లిదండ్రులు రెండుసార్లు చదవాలి. టెలిస్కోపును గానీ, ఫైండరును గానీ సూర్యుని వైపు తిప్పి చూడరాదు. భూతద్దం కింద కాగితం కాలినట్లే, క్షణంలో కంటి లోపలి పొర కాలిపోతుంది. ఆ పొరకు నొప్పి తెలియదు. జరిగిన నష్టం తర్వాతనే తెలుస్తుంది.

కొన్ని పెట్టెల్లో ఐపీసుకు బిగించే చిన్న నల్లని లేదా ఆకుపచ్చని 'సన్ ఫిల్టరు' వస్తుంది. కటకం కేంద్రీకరించిన వేడి నేరుగా దాని మీద పడి, చూస్తుండగానే అది పగిలిపోగలదు. దానిని పారవేయండి. పగటివేళ పని ముగియగానే రెండు గొట్టాలకూ మూతలు పెట్టండి. పిల్లలను పగలు టెలిస్కోపు వద్ద ఒంటరిగా వదలవద్దు.

రమజాన్, ఈద్ నెలవంక కోసం టెలిస్కోపు తీసేవారికి ఈ హెచ్చరిక మరీ ముఖ్యం. నెలవంక ఉండేది సూర్యుడు దిగిన వైపే. సూర్యబింబం పూర్తిగా అస్తమించిన తర్వాతే మూత తీయాలి. అప్పుడు కూడా 25 మిల్లీమీటర్ల ఐపీసుతో, క్షితిజానికి కాస్త పైన, నెమ్మదిగా ఇటూ అటూ వెతకాలి. టెలిస్కోపులో కనిపించిన నెలవంకతో నెల మొదలవుతుందా లేదా అన్నది ఉలమాలు, రూయతె హిలాల్ కమిటీలు తేల్చవలసిన విషయం. అది ఇంటి మిద్దె మీద తేలేది కాదు. పిల్లలకు ఆ సన్నని వెండిగీతను చూపించడం మాత్రం మన చేతిలో ఉన్నదే.

మిద్దె మీద అమరిక

రోజంతా ఎండకు కాగిన సిమెంటు మిద్దె మగ్రిబ్ తర్వాత చాలాసేపు వేడిని వదులుతుంది. ఆ వేడిగాలిలో నక్షత్రాలు నీటి అడుగున ఉన్నట్లు కదులుతాయి. ఇషా తర్వాత మొదలుపెట్టడం మేలు. టెలిస్కోపును మాత్రం అరగంట ముందే బయట పెట్టండి. గొట్టం లోపలి గాలి, బయటి గాలి ఒకే చల్లదనానికి రావాలి. గదిలో కూర్చుని కిటికీ అద్దం గుండా చూస్తే ఏదీ స్పష్టంగా కనిపించదు.

స్టాండు మూడు కాళ్లను పూర్తిగా సాగదీయవద్దు. ఎంత పొట్టిగా ఉంటే అంత నిలకడ. కూర్చుని చూసేలా అమర్చుకుంటే పిల్లలకూ అందుతుంది, మెడా నొప్పి పుట్టదు. కాళ్ల మధ్య పళ్లెం బిగించి, దాని మీద ఏదైనా బరువు పెడితే వణుకు తగ్గుతుంది. గొట్టం ముందుకో వెనక్కో వాలకుండా సమతూకంలో ఉండాలి.

ముందు మూతను పూర్తిగా తీయండి. కొన్ని మూతల మధ్యలో మరో చిన్న మూత ఉంటుంది. దానిని మాత్రమే తీసి చూస్తే వెలుతురు చాలా తగ్గిపోతుంది. కటకాల టెలిస్కోపులో డయాగనల్ ముక్కను తప్పక పెట్టాలి. అది లేకుండా ఐపీసును నేరుగా గొట్టంలో పెడితే చాలా వాటిలో ఫోకస్ అందదు. కటకం మీద దుమ్ము కనిపిస్తే చున్నీ కొంగుతో తుడవవద్దు. కొద్దిపాటి దుమ్ము చూపుకు అడ్డు రాదు. గీతలు పడితే మాత్రం పోవు.

కొన్ని టెలిస్కోపులకు ఒరిగి ఉండే ఇరుసు, బరువు గుండు గల ఈక్వటోరియల్ మౌంట్ వస్తుంది. ఆ ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. ధ్రువ నక్షత్రం ఉత్తరాన మన అక్షాంశమంత ఎత్తులోనే ఉంటుంది. హైదరాబాదులో దాదాపు 17 డిగ్రీలు, కర్నూలులో 16, తిరుపతిలో 14 లోపు. పొరుగుదేశాల పుస్తకాల్లోని బొమ్మ చూసి 50 డిగ్రీలకు పెడితే అది మన ఊరికి పనికిరాదు. మొదటిసారి కొనేవారికి పైకి కిందికి, పక్కలకు మాత్రమే తిరిగే సాదా మౌంట్ చాలు.

ఫోకస్ చేయడం

తొలి రాత్రి చందమామతో మొదలుపెట్టండి. చందమామ లేకపోతే ప్రకాశవంతమైన నక్షత్రం చాలు. ఫైండరులో అడ్డగీతల మధ్యకు తెచ్చి, ఐపీసులో చూడండి. నక్షత్రం చుక్కలా కాక, పెద్ద వెలుగు బిళ్లలా కనిపించవచ్చు. అద్దాల టెలిస్కోపులో అయితే మధ్యలో నల్లని రంధ్రం గల గారెలా ఉంటుంది. అది గ్రహం కాదు. ఫోకస్ కుదరని నక్షత్రం. మా అబ్బాయిలాంటివాడు, మా ఆడపడుచు కొడుకు సుహైల్, దానిని చూసి శనిగ్రహం దొరికిందని మిద్దె అదిరేలా అరిచాడు.

ఫోకస్ మరను నెమ్మదిగా తిప్పండి. బిళ్ల పెద్దదవుతుంటే దిక్కు తప్పు, వెనక్కి తిప్పండి. చిన్నదవుతూ, చిన్నదవుతూ, సూదిమొన అంత చుక్క అవుతుంది. అక్కడ ఆగకుండా కొంచెం ముందుకు పోతే మళ్లీ పెద్దదవుతుంది. అప్పుడు వెనక్కి రండి. ఇలా అటూ ఇటూ దాటి చూస్తేనే అతి చిన్న చుక్క ఎక్కడో తెలుస్తుంది. అదే ఫోకస్.

చేయి తగిలినప్పుడల్లా దృశ్యం వణుకుతుంది. మర తిప్పిన ప్రతిసారీ చేయి తీసి, రెండు మూడు క్షణాలు ఆగి చూడండి. తొందరలో తిప్పుతూనే ఉంటే ఫోకస్‌ను దాటిపోతూనే ఉంటారు. కుదిరిన తర్వాత కదిలే గొట్టం మీద పెన్సిలుతో సన్నని గీత గీసుకోండి. మరుసటి రాత్రి ఆ గీత వద్ద నుంచే మొదలుపెట్టవచ్చు.

ఒకరి ఫోకస్ మరొకరికి సరిపోదు. దూరపు చూపు తక్కువైనవారు కళ్లజోడు తీసి, మరను తమకు తగినట్లు కొద్దిగా తిప్పుకోవచ్చు. చూపులో వంకర దోషం ఎక్కువగా ఉన్నవారు మాత్రం జోడుతోనే చూడాలి. మా అత్తమ్మ మసకగా ఉందంటే, ఆమె వయసు అనుకున్నాము. మర తిప్పడం చేతికి ఇవ్వగానే ఆమెకు చందమామ మీది గుంటలు మా అందరికంటే ముందు కనిపించాయి.

చూస్తుండగానే నక్షత్రం పక్కకు జారిపోతుంది. అది పరికరం లోపం కాదు, భూమి తిరుగుతున్నది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. 28 రెట్ల వద్ద నక్షత్రం ఐపీసును దాటడానికి దాదాపు ఏడు నిమిషాలు, 70 రెట్ల వద్ద మూడు నిమిషాల లోపు పడుతుంది. అందుకే పెద్ద ఐపీసుతో మధ్యకు తెచ్చి, ఫోకస్ చేసిన తర్వాతే 10 మిల్లీమీటర్లది మార్చాలి. మార్చాక మళ్లీ కొద్దిగా ఫోకస్ చేయాలి.

ఏది ఎలా కనిపిస్తుంది

పిల్లలకు ముందే నిజం చెప్పండి. పెట్టె మీది బొమ్మలు మన ఐపీసులో కనిపించవు. కనిపించేది చిన్నదైనా, అది బొమ్మ కాదు, అసలైనది.

చందమామను పున్నమి నాడు కాక, సగం ఉన్నప్పుడు చూడండి. వెలుగు, చీకటి కలిసే అంచున గుంటలు, కొండలు నీడలతో స్పష్టంగా నిలుస్తాయి. గురుగ్రహం శనగగింజంత ఉంటుంది. దాని ఇరువైపులా ఒకే వరుసలో నాలుగు చిన్న చుక్కలు, ఒక్కోసారి మూడే. అవి దాని చందమామలు. 1610 జనవరిలో గెలీలియో చూసినవి అవే. మరునాడు చూస్తే చోటు మారి ఉంటాయి. శని వలయం 70 రెట్ల వద్ద చిన్నదిగా, కాని పదునుగా కనిపిస్తుంది; కొన్నేళ్లలో బాగా సన్నబడుతుంది కూడా. మృగశిర సమీపంలో మూడు నక్షత్రాల నడికట్టు కింద ఉండే వెలుగు మేఘం బూడిద రంగు పొగలా ఉంటుంది. దానిని చూడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడాలి. అప్పటి వరకు మొబైలు వెలుతురు చూడరాదు. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి.

మన ఇళ్లలోని పేర్లు

ఆ వారం నుంచి మా ఇంట్లో నక్షత్రాల పేర్ల మీద కబుర్లు మొదలయ్యాయి. రోహిణిని పాశ్చాత్యులు ఆల్డెబరాన్ అంటారు. అది అరబీ 'అద్దబరాన్'. వెంట వచ్చేది అని అర్థం. కృత్తిక వెంటే ఉదయిస్తుంది కనుక ఆ పేరు. శ్రవణా నక్షత్రం ఆల్టెయిర్, అరబీలో ఎగిరే పక్షి. అగస్త్య నక్షత్రమే అరబ్బుల సుహైల్.

టెలిస్కోపు 1608లో నెదర్లాండ్స్‌లో వెలుగులోకి వచ్చింది. దానికి ఆరు శతాబ్దాలకు పైగా ముందే, అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ 964 ప్రాంతంలో రచించిన నక్షత్ర గ్రంథంలో ఆండ్రోమెడా పాలపుంతను చిన్న మేఘంగా నమోదు చేశాడు. ఆయన దగ్గర కటకం లేదు. చీకటి ఆకాశం, ఓపిక ఉన్నాయి. మన హైదరాబాదులోనే నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్వంత ఖర్చుతో 15 అంగుళాల కటకం గల టెలిస్కోపును ఇంగ్లండు నుంచి తెప్పించి వేధశాల నెలకొల్పాడు. అదే నిజామియా వేధశాల. తర్వాత అది ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.

ఆ రాత్రి

ఫైండరు కలిపిన రోజు రాత్రి అమ్మాయిని బలవంతం చేయలేదు. నేను పైన ఒంటరిగా 25 మిల్లీమీటర్ల ఐపీసులో కృత్తికను మధ్యకు తెచ్చి, ఫోకస్ చేసి, కిందికి వచ్చి "ఒక్క నిమిషం చూసి పడుకో" అన్నాను. అయిష్టంగానే వచ్చింది. కన్ను పెట్టింది. చాలాసేపు మాట్లాడలేదు.

"అమ్మీ, ఆరేడు అన్నారు కదా. ఇక్కడ లెక్కకే రావడం లేదు."

వట్టి కంటికి ఆరేడుగా కనిపించే ఆ గుత్తి ఐపీసులో పదుల నక్షత్రాలుగా విడిపోతుంది. నీలి తెలుపు వెలుగులో అవి నిండుగా ఉన్నాయి. అక్కడి నుంచి బయలుదేరిన వెలుతురు మనల్ని చేరడానికి సుమారు 440 ఏళ్లు పడుతుందని, చార్మినార్ కట్టిన కాలం నాటి వెలుతురు ఇప్పుడు తన కంటిలో పడుతున్నదని చెప్పాను. చార్మినార్ పూర్తయింది 1591లో కదా అని లెక్క వేసుకుంది.

సుహైల్ తన పేరు చూపమని పట్టుబట్టాడు. దక్షిణాన, నీళ్ల ట్యాంకుకు కాస్త పైన మెరుస్తున్న ఆ నక్షత్రం వైపు గొట్టం తిప్పాము. ఫోకస్ చేసి చూసి, "చుక్కగానే ఉంది" అని నిరుత్సాహపడ్డాడు. నక్షత్రాలు ఎంత పెద్ద టెలిస్కోపులోనూ మన కంటికి చుక్కలే. అంత దూరంలో ఉన్నాయి. మా అమ్మాయి మరను కొద్దిగా తిప్పి, "మరీ సన్నని చుక్క వచ్చేదాకా తిప్పు, అదే సరైనది" అని వాడికి నేర్పింది.

నేను నేర్పని మాట అది. తనే తిప్పి తెలుసుకున్నది. ఆ పెట్టె మళ్లీ అటకెక్కలేదు. మీ ఇంట్లోనూ ఒకటి ఉంటే, ఈ సాయంత్రం కాదు, రేపు అసర్ తర్వాత దించండి. ముందు ఫైండరు కలపండి.